మల్లన్న ఒక్కపొద్దు

రాళ్ళగడ్డ, జడ్చర్ల మండలం
ఆషాఢ మాసం

డాక్టరమ్మ సుచరితకు వదిన సుహాసిని రాసేది,

ఎప్పుడు చేసినా నీ ఫోను అందుబాటులో లేదనే అంటోంది. అమ్రాబాద్ అడవిలో నీకంటే కోతులే నయం, చెట్టు చివరి కొమ్మకెక్కితే వాటికైనా సిగ్నల్ దొరుకుతుందేమో. దొరికినా మన ఇంట్లో ఫోను మాట్లాడే సుఖం నీకు తెలియనిదా? మీ అన్న స్పీకరు పెట్టి అరుగు మీద ఉంచుతాడు. మనం తుమ్మితే ఎదురింటివాళ్ళు చిరంజీవ అంటారు. అందుకే కాగితం పట్టాను. అంగన్‌వాడీ పిల్లలు నిద్రపోతున్నారు, ఈ గంట నాదే.

సంగతేమిటంటే, మన మల్లన్నకు బాగాలేదు. కుడి కొమ్ము పక్కకు వాలింది. మొదట ఎక్కడో పొడుచుకుని దెబ్బ తగిలించుకున్నాడని అనుకున్నాం. తర్వాత ముక్కులోంచి నెత్తురు కారింది. ఇప్పుడు కొమ్ము మొదట్లో చీము, ఈగలు, దగ్గరికి పోలేని వాసన. తల విదిలించుకుంటూ గోడలకు రుద్దుకుంటున్నాడు.

ఊళ్ళో పంచాయితీ ఎలా ఉంటుందో నీకు చెప్పనక్కర్లేదు. శ్రీశైలం మల్లన్న పేర వదిలిన కోడె, మెడకు తాడు పడనిది, కొమ్ముకు కత్తి పెడితే ఊరికి అరిష్టమని ఒక వర్గం. అలా కుళ్ళి చచ్చిపోతే అరిష్టం కాదా అని ఇంకో వర్గం. చివరికి చెన్నయ్య మామ ఒక మాటన్నాడు. "బయటి డాక్టరైతే వద్దుగని, సుచరిత మనూరి పిల్ల. దాని చెయ్యి పడితే దేవుడు ఏమనుకోడు" అని. అందరూ తలూపారు.

అండాలవ్వ మాత్రం చావడి వైపే రాలేదు. నీకు తెలుసుగా, పొద్దున్నే మల్లన్న మొదట వచ్చేది మన గడపకే. అవ్వ బకెట్‌లో కుడితి, దాని మీద జొన్నరొట్టె. అది తిన్నాకే ఊరి మీద పడతాడు. చిన్న దూడగా వదిలినప్పటి నుంచి అదే వరస. మనుమరాలివి నీకన్నా వాడి మీదే ఆమెకు ఎక్కువ ప్రేమ అని నేనంటే నవ్వేది. ఇప్పుడు నవ్వడం లేదు.

తొందరగా ఏదో ఒకటి రాయి.

నీ వదిన
సుహాసిని

*

అమ్రాబాద్
బోనాల వారం

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వుతూ మొదలుపెట్టాను, కొమ్ము దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయింది. నువ్వు రాసినదాన్ని బట్టి అది దెబ్బ కాదు, కొమ్ము క్యాన్సర్. కొమ్ము మొదలంటా కోసేయాలి. ఆలస్యం చేస్తే తల లోపలికి పాకుతుంది. అప్పుడు చేయగలిగేది ఏమీ ఉండదు.

జడ్చర్ల దివాకర్ సార్‌తో మాట్లాడాను. ఆయన రెండు మండలాలకు ఒక్కరే పశువుల డాక్టర్. పక్కన తానుంటానని, చేసేది నన్నే చేయమని అన్నారు. సరే అన్నాను, అప్పటి నుంచి పాత పుస్తకాలు తిరగేస్తున్నా. తాడు ఎరగని కోడెను పడుకోబెట్టడం నాకు ఇదే మొదటిసారి.

నీకు వివరంగా రాస్తున్నా, ఊరివాళ్ళకు నువ్వే నచ్చజెప్పాలి కాబట్టి. జైలజీన్ అని ఒక మత్తు సూది ఉంటుంది. పొడవాటి కట్టెకు సిరంజి కట్టి తొడలో పొడుస్తాం. అది ఎక్కి తల వాల్చి పడుకున్నాక, కెటమిన్ అని ఇంకోటి నరానికి ఇస్తాం. కొమ్ము మొదట్లో మొద్దుబారే సూది వేరే. ఈ జైలజీన్‌తో చిక్కేమిటంటే, గుర్రానికిచ్చే దాంట్లో పదో వంతుకే ఎద్దు కూలబడిపోతుంది. కాస్త ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. బరువు చూసి ఇవ్వాలి. మామూలు ఎద్దుకైతే ఛాతీ చుట్టూ టేపు పెట్టి బరువు కడతాం. మల్లన్న టేపు పెట్టనిస్తాడా? కంటి అంచనాయే గతి.

ఇంకో ముఖ్యమైన మాట. ముందు రోజు పొద్దుటి నుంచి మేత వద్దు. సాయంత్రం నుంచి నీళ్ళు కూడా వద్దు. మత్తులో గొంతుకు కాపలా ఉండదు వదినా. కడుపు నిండుగా ఉంటే లోపలిది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఊరి మీద వదిలితే ఎవరో ఒకరు పెడతారు, చేలో పడి తానే మేస్తాడు. అందుకే ముందు రోజు మీ బడి ఆవరణలోకి తోలి గేటు వేయండి. అక్కడ గడ్డిపోచ కూడా లేదు కదా. కట్టేయడం కాదు, లోపల ఉంచడమే అని చెప్పు.

వచ్చే ఆదివారానికి వస్తాను. అవ్వకు నువ్వే చెప్పు. నేను చెబితే నా మొహం చూసి భయపడుతుంది.

సుచరిత

*

అమ్రాబాద్
శ్రావణం మొదట్లో

వదినా,

బస్సు దిగి నేరుగా ఈ ఉత్తరమే రాస్తున్నా. మల్లన్న ఎలా ఉన్నాడు? దగ్గుతున్నాడా? మేత ముట్టాడా? నెమరు వేస్తున్నాడా? ముక్కులోంచి చిక్కగా ఏమైనా కారుతోందా? చూసి రాయి. దివాకర్ సార్ రోజూ వచ్చి సూదులు వేస్తానన్నారు, వేస్తున్నారా?

కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తోంది. ఎంత బాగా పడుకున్నాడు. మోకాళ్ళ మీద వంగి, ఒరిగి, గురక పెట్టాడు. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. కొమ్ముకు ఇంకా తీగ రంపం ఆనించనే లేదు, నోట్లోంచీ ముక్కులోంచీ పచ్చటి నీళ్ళు ధారగా వచ్చాయి. నాలుక నీలమైంది. మూతి కిందికి వాల్చి, విరుగుడు సూది ఇచ్చి, లేచేదాకా నా గుండె నా దగ్గర లేదు. కొమ్ము అలాగే ఉంది. దానికి తోడు ఊపిరితిత్తుల జబ్బు అంటగట్టి వచ్చాను.

మోతాదు సరిగ్గానే ఉందని దివాకర్ సార్ అన్నారు, కడుపు నిండుగా ఉన్నట్టుందని కూడా అన్నారు. కానీ గేటు దగ్గర నేను అడిగినప్పుడు అందరూ దేవుడి మీద ఒట్టు వేసి చెప్పారు, ఏమీ పెట్టలేదని. ఊరివాళ్ళను అబద్ధాలకోరులను చేసి నన్ను నేను కాపాడుకోనా? నేనే వాడి మూపురం చూసి బరువు ఎక్కువ లెక్కకట్టాను. అంతే అయి ఉంటుంది.

అయినా నిన్నొకటి అడుగుతా. బడి తాళం మన ఇంట్లోనే ఉంటుంది కదా. నిజంగా ఎవరూ ఏమీ పెట్టలేదు కదా?

సుచరిత

*

రాళ్ళగడ్డ
శ్రావణం

సుచరితా,

మల్లన్న బతికే ఉన్నాడు, ముందు ఊపిరి పీల్చుకో. దగ్గు ఉంది. మొదటి వారం మెడ చాపి ఆయాసపడ్డాడు, ఇప్పుడు కొంచెం నయం. దివాకర్ సార్ మాట తప్పలేదు. కట్టెకు కట్టిన సూదితోనే రోజూ పొడిచి పోతున్నారు. మల్లన్నకు ఆయన బండి చప్పుడు తెలిసిపోయింది, వినగానే చెన్నయ్య మామ ఇంటి వెనక్కి పోయి దాక్కుంటున్నాడు. అంత పెద్ద ఒళ్ళు పెట్టుకుని పెంటకుప్ప చాటున దాక్కుంటే ఎలా ఉంటుందో చూడు.

ఊళ్ళో మాటలు నీకు చేరకముందే నేనే రాస్తున్నా. సాలమ్మ బోరు దగ్గర అంది, "సదువుకున్న పిల్లనే గాని, చెయ్యి బరువు" అని. మీ అన్న విని రెండు రోజులు ఆ వాడకట్టు మొహం చూడలేదు. నువ్వేమీ మనసులో పెట్టుకోకు. చిన్ని నిన్నే కలవరిస్తోంది, అత్త ఎప్పుడొస్తుందని. దానికి మొన్న ఒళ్ళు వెచ్చగా ఉంటే భయపడి జడ్చర్ల తీసుకుపోయాను. ఏమీ లేదన్నారు. ఉత్త జలుబే.

వానలు బాగా పడుతున్నాయి. పత్తి చేను పచ్చగా ఉంది. వేళకు తిను.

వదిన

*

అమ్రాబాద్
రాఖీ పున్నమి తర్వాత

వదినా,

రాఖీ పోస్టులో పంపాను, అన్నకు అందిందా? ఈసారి రాలేకపోయాను. వస్తే మల్లన్న ఎదురుపడతాడని భయం.

ఉత్తరమంతా చదివాను, రెండోసారి కూడా చదివాను. పెంటకుప్ప గురించి రాశావు, పత్తి గురించి రాశావు. నేనడిగినదానికి మాత్రం జవాబు లేదు. మరిచిపోయావా?

ఇక్కడొక చిన్న సంగతి జరిగింది. అడవి అంచున ఒక రైతు ఎద్దుకు భుజం మీద లోతుగా చీలింది, కుట్లు వేయాలి. మత్తు సూది తీశాక నా చెయ్యి ఆగిపోయింది. సిరంజిలోకి లాగిన మందులో కొంత బయటికి చిమ్మేసి మిగిలిందే ఇచ్చాను. ఎద్దు తల వాల్చింది, కళ్ళు మూసింది. చాలనుకున్నా. రెండో కుట్టుకు ఒక్కసారిగా లేచింది. తల దగ్గర పట్టుకున్నది మా అటెండర్ భిక్షపతి. గోడకేసి అదిమింది. ముంజేయి విరిగి కట్టు కట్టారు. "ఏం కాదు మేడం, ఎడమ చెయ్యే గద" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా కుంగదీసింది.

తక్కువ మత్తు అసలు మత్తు లేకపోవడం కంటే ప్రమాదమని మాకు చదువులో చెప్పారు. పశువు నిద్రపోయినట్టే ఉంటుంది, నొప్పి తగలగానే పిడుగులా లేస్తుంది. తెలిసీ చేశాను. ఎందుకంటే ఎక్కువిచ్చి చంపుతానేమోనన్న భయం దానికంటే పెద్దదిగా ఉంది.

నేను బాగానే ఉన్నాను. ఫికర్ పడకు. జవాబు మాత్రం రాయి.

సుచరిత

*

రాళ్ళగడ్డ
వినాయక చవితి వెళ్ళాక

సుచరితా,

నువ్వు అడిగింది మరిచిపోలేదు. ఎవరూ ఏమీ పెట్టలేదు. తాళం మన ఇంట్లో మేకుకే ఉంది. ఇంక ఆ ఆలోచన వదిలిపెట్టు.

భిక్షపతి చెయ్యి త్వరగా అతకాలని మొక్కుకున్నాను. నీ చెయ్యి తప్పు ఎక్కడా లేదు, అది మాత్రం నమ్ము. ఎందుకని అడగవద్దు.

మల్లన్న దగ్గు తగ్గింది కానీ కొమ్ము చూడలేకపోతున్నాం. పురుగులు పడ్డాయి. తల ఒక పక్కకే వంచుకుని నడుస్తున్నాడు, కుడి కన్ను మూసుకుపోయింది. ఇంకే గడప దగ్గరా నిలవడం లేదు. మన గడప దగ్గర నిలబడతాడు, బకెట్‌లో మూతి పెడతాడు, తినకుండా తీసేస్తాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోతుంది.

నిన్న చావడి దగ్గర మళ్ళీ కూర్చున్నారు. ఈసారి ఎవరూ అరిష్టం మాటెత్తలేదు. ఇంకోసారి ప్రయత్నం చేయమని దివాకర్ సార్‌ను అడిగారు. నువ్వొస్తేనే చేస్తానన్నారు ఆయన. దసరా వెళ్ళాక అనుకున్నారు. తల దగ్గర తాడు పట్టడానికి మీ అన్న ముందుకొచ్చాడు. "నా చెల్లె పనికి నేను గాకపోతే ఎవరు పడ్తరు" అన్నాడు.

నువ్వు వస్తావా?

వదిన

*

అమ్రాబాద్
బతుకమ్మ రోజులు

వదినా,

వస్తాను. రాకపోతే ఇంక ఎప్పటికీ రాలేననిపించింది.

ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. మొదటిసారి ఇచ్చినదాంట్లో సగమే ఇస్తాను. ఒంట్లో కండ కూడా తగ్గి ఉంటుంది కాబట్టి అది చాలాలి. దివాకర్ సార్ ఒప్పుకోలేదు. ఆకలితో ఉంచిన పశువుకు ఆ మోతాదు తప్పు కాదమ్మా అని ఫోనులో కోప్పడ్డారు. ఆకలితో ఉంచే కదా అలా అయింది, అన్నాను. సూది పట్టేది నేను కాబట్టి నా మాటే నెగ్గింది.

సగం మోతాదుకు మల్లన్న పూర్తిగా పడిపోకపోవచ్చు. కొమ్ము దగ్గర మొద్దుబారే సూది సరిగ్గా పడితే నొప్పి తెలియదు. కానీ అంత కుళ్ళిన చోట ఆ సూది పనిచేస్తుందన్న నమ్మకం లేదు. కదిలితే మాత్రం తల దగ్గర ఉన్నవాళ్ళు గట్టిగా పట్టాలి. అన్నకు చెప్పు, ఎడమ కొమ్ము వైపు నిలబడవద్దని. పంచె కాదు, ప్యాంటు వేసుకోమని. పక్కన ఇంకో నలుగురు బలమైనవాళ్ళు ఉండాలి.

ఇది అయ్యాక హైదరాబాద్ ఆఫీసులో కుర్చీ పని కోసం అర్జీ పెడతాను. ఐదేళ్ళు చదివి నేర్చుకున్న చెయ్యి ఇది, ఇప్పుడు సీసా మూత తీసి మళ్ళీ పెట్టేస్తోంది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

సుచరిత

*

రాళ్ళగడ్డ
సద్దుల బతుకమ్మ మర్నాడు

సుచరితా,

ఈ కవరు మీ అన్నతోనే పంపుతున్నా. పోస్టును నమ్మే ఓపిక లేదు. లోపలేముందని అడిగాడు. ఆడవాళ్ళ సంగతులు అన్నాను, ఇంకేం అడగలేదు. చదివాక అతని ముందు మొహం మామూలుగా పెట్టుకో.

నేను అబద్ధం రాశాను. మల్లన్న తిన్నాడు.

ఆ ఆదివారం తెల్లవారుతుండగా అంగన్‌వాడీ ఊడ్చుదామని లేచాను. మేకుకు తాళం లేదు. పోయి చూస్తే గేటు తీసే ఉంది. అండాలవ్వ లోపల కూర్చుని మల్లన్న మూతి కొంగుతో తుడుస్తోంది. పక్కన బకెట్ ఖాళీ. మామూలు రోజు పెట్టేదానికి రెండింతలు కుడితి, తవుడు, గంప నిండా రొట్టెలు. ముందు రోజంతా పస్తుంచామని వడ్డీతో సహా పెట్టింది. నేను నోరు తెరిచేలోగా తానే అంది, "అర్సుడు ఇనొస్తాంది బిడ్డా. రాత్రంత ఇనొస్తనే ఉన్నది. నా గడప కాడికి వచ్చినోన్ని ఏనాడు ఉత్తగ పంపలే. కత్తి కింద పండవోయేటోడు, ఆకలి కడుపుతోని ఎట్ల పోతడే" అని.

అంత పొద్దున్నే నన్ను ఇంటికి లాక్కొచ్చి, నిద్రలో ఉన్న చిన్ని నెత్తిన నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. ఎవరికీ చెప్పనని. నేను వేశాను. అంత పెద్ద ఒంటికి గంపెడు రొట్టెలు ఏపాటిలే అనుకున్నా. నువ్వు రాసిన ఉత్తరం గుర్తుంది, అయినా అనుకున్నా. నువ్వు గేటు దగ్గర అందరినీ అడుగుతుంటే నేను పక్కనే ఉన్నా. ఊరంతా చూస్తోంది. అవ్వ నా వైపు చూస్తోంది. నేనూ అందరితో కలిసి తలూపాను.

ఆ తర్వాత మల్లన్న పడిన పాటు చూశాక, చెబితే అవ్వను ఊరు బతకనివ్వదని భయమేసింది. దేవుడి కోడెకు డాక్టరమ్మ ఇంటివాళ్ళే కీడు చేశారంటారు. ఒట్టు తప్పితే చిన్నికి ఏమవుతుందోనని ఇంకో భయం. దాని ఒళ్ళు కొంచెం వెచ్చబడితే చాలు, నా ప్రాణం పోతోంది. ఇవన్నీ మూటగట్టుకుని నీకు పత్తి చేను గురించి రాశాను.

నీ చివరి ఉత్తరం చదివి పొయ్యి మీద అన్నం మాడబెట్టాను. సగం మత్తు. తల దగ్గర మీ అన్న. భిక్షపతికి ఒక చెయ్యే విరిగింది. మల్లన్నకు ఇంకో కొమ్ము బాగానే ఉంది సుచరితా, అది ఎంత పొడవో నీకు తెలుసు.

ఒట్టు తప్పాను. ఏదైనా అయితే నాకే కానీ, పిల్లకు కాకూడదని మొక్కి ఇది రాస్తున్నా. అవ్వకు ఇంకా తెలియదు. తన కుడితికీ ఆ పచ్చటి నీళ్ళకూ సంబంధం ఉందన్నదే ఆమెకు ఎక్కలేదు. సూదే అలా చేసిందనుకుంటోంది. ఆమెకు ఎలా చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నువ్వే తేల్చు. నీ మోతాదు తప్పు కాదు. సగం చేయవద్దు.

నన్ను తిట్టాలనుంటే తిట్టు, ఉత్తరం మాత్రం మానకు.

వదిన

*

అమ్రాబాద్
దసరా

వదినా,

అన్న వరండాలో చాయ్ తాగుతున్నాడు. నేను లోపల రాస్తున్నా. నువ్వు చెప్పినట్టు మొహం మామూలుగానే పెట్టాను, ఎంత బాధైందో నాకే తెలుసు.

చాలా కోపం వచ్చింది. దాచను. ఇన్ని నెలలు నేను అన్నం సరిగ్గా తినలేదు. నా వల్ల ఒకడి చెయ్యి విరిగింది. ఒక్క ముక్క రాస్తే అవేవీ ఉండేవి కావు కదా అనిపించి నీ ఉత్తరం మంచం మీదికి విసిరికొట్టాను. కాసేపటికి మళ్ళీ తీశాను. చిన్ని నెత్తిన చెయ్యి పెట్టి వేసిన ఒట్టు తప్పి నాకు రాశావు. నేనైతే రాసేదాన్నో లేదో.

భిక్షపతి చెయ్యి విరగడానికి నువ్వు కారణం కాదు. మందు చిమ్మేసింది నేను. నీ ఉత్తరం వచ్చిందని ఆ భారం నీ మీదికి నెట్టను.

పూర్తి మోతాదే ఇస్తాను. అవ్వకు తెలియాల్సిందే, లేకపోతే ఈసారి కూడా పెడుతుంది. తాళం దాస్తే గోడ మీది నుంచి వేస్తుంది. ఆమె ప్రేమకు గేటు అడ్డమా? అందుకే ఆమెకు వేరే ఉత్తరం లోపల పెట్టాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చదివి వినిపించు. ఒక్క మాట కూడా మార్చకు.

సుచరిత

అవ్వా,

నీ మనుమరాలు సుచరిత దండం పెట్టి రాస్తున్నది.

మల్లన్నకు నువ్వు పెట్టిన సంగతి నాకు తెలిసింది. వదినను ఏమీ అనకు. కొడుకు ఆకలితో అరుస్తుంటే ఏ తల్లీ ఊరుకోదు. నీ మీద నాకు కోపం లేదు. కానీ నేను సరిగ్గా చెప్పకపోవడం వల్ల నీకొక సంగతి తెలియలేదు, ఇప్పుడు చెబుతా.

నా సూది ఒంటిని నిద్రపుచ్చుతుంది, గొంతును కూడా నిద్రపుచ్చుతుంది. కడుపులో ఉన్నది ఆ గొంతులోంచి పైకి వస్తుంది, ఊపిరి పోయే దారిలో పడుతుంది. ఆ రోజు వాడి నోట్లోంచి వచ్చిన పచ్చటి నీళ్ళు అవే. వాడు తిన్నదే వాడికి అడ్డం పడింది. మళ్ళీ అలా అయితే వాడు లేవడు. ఈ మాట రాయడానికి నా చెయ్యి రావడం లేదు, కానీ రాయకపోతే నిన్ను మోసం చేసినట్టు.

నువ్వు శ్రీశైలం మల్లన్నకు సోమవారం ఒక్కపొద్దు ఉంటావు కదా. ఎవరైనా వచ్చి నీ ఒక్కపొద్దు చెడగొడితే ఊరుకుంటావా? దేవుడి కోడెకు కూడా ఒక్కపొద్దు ఉందనుకో. అది చెడకుండా చూసేవాళ్ళు ఒకరు కావాలి. అన్నను పెడితే నిద్రపోతాడు. ఊరివాళ్ళను పెడితే జాలిపడతారు. నువ్వైతేనే కాపలా కాస్తావని నా నమ్మకం. బడి తాళం నీ కొంగుకే కట్టుకో.

నీ
సుచరిత

*

రాళ్ళగడ్డ
కార్తీకం

మరదలు సుచరితకు,

నువ్వు దివాకర్ సార్ బండిలో వెళ్ళిపోయాక జరిగింది రాస్తానన్నాను కదా. రాయకుండా ఎలా ఉంటాను, చేతులు దురద పెడుతున్నాయి.

ముందు నువ్వు చూడనిది చెబుతా. నీ ఉత్తరం ఇంట్లో ఎవరూ లేనప్పుడు అవ్వకు చదివి వినిపించాను. విన్నంతసేపూ పొయ్యి ముందు కూర్చుని బూడిద కెలికింది. చివరికి, "వాని నోట్లకెల్లి వచ్చిన నీళ్లల్ల నా రొట్టె ముక్కలే కనవడ్డయే. నేను జూసిన. చూసి కొంగుతోని తుడిసేసిన" అంది. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని, "చిన్ని మీది ఒట్టు నేను దీస్తున్న బిడ్డా, ఇగ దాన్ని పట్టుకొని ఏడ్వకు" అంది. ఆ రాత్రి నేను నిద్రపోయాను.

శనివారం మల్లన్నను బడిలోకి తోలింది అవ్వే. గేటుకు తాళం వేసి, కొంగుకు ముడివేసి, గేటు బయట గోనె పరుచుకుని కూర్చుంది. తానూ ఏమీ ముట్టలేదు. వాడు గేటు సందులోంచి మూతి పెట్టి అరుస్తుంటే, "నా దిక్కు సూడకురా కొడుకా" అంటూ మొహం తిప్పుకుంది. సాలమ్మ జాలిపడి మొక్కజొన్న కంకి తెచ్చింది. అవ్వ కర్ర ఎత్తింది. సాలమ్మ ఇంకా అందరికీ చెబుతూనే ఉంది, ముసలమ్మకు పూనకం వచ్చిందని.

ఆదివారం సంగతి నీకే తెలుసు. సిరంజిలోకి మందు లాగేటప్పుడు నీ చెయ్యి చూశాను. పూర్తి మోతాదు గీత దగ్గరే ఆగింది. సిరంజి ఎత్తి వెలుతురులో చూసుకున్నావు, ఒక్క చుక్క కూడా చిమ్మలేదు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. మీ అన్న తాడు పట్టుకుని నిలబడ్డాడే కానీ, లాగాల్సిన పనే పడలేదు. రంపం నడుస్తున్నంతసేపూ మల్లన్న గురక పెట్టాడు. అవ్వ కన్ను ఆ కొమ్ము మీద లేదు, వాడి నోటి మీదే ఉంది. చుక్క నీళ్ళు రాలేదు.

నువ్వు పోతూ పోతూ అన్న మాట, గొంతు పూర్తిగా మేలుకోవాలి, మర్నాడు పొద్దున దాకా ఏమీ పెట్టొద్దు, నీళ్ళు కూడా వద్దు అని. నువ్వు అనేసి బండెక్కావు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. మత్తు దిగి లేచి నిలబడిన వాడికి తెలిసింది ఒక్కటే, ఆకలి. కట్టు కట్టిన తలతో తూలుకుంటూ నేరుగా గేటు దగ్గరికొచ్చాడు. అవ్వ చేతులు నాకాడు. కొంగు ముడి నాకాడు. ఎడమ కొమ్ముతో గేటు కదిపాడు. అవ్వ అవతలి నుంచి రెండు చేతులతో గేటు పట్టుకుని నిలబడింది. మీ అన్న నేను పట్టుకుంటాను లే అన్నా వదల్లేదు. ఏడుస్తూనే పట్టుకుంది.

తెల్లారి దివాకర్ సార్ వచ్చి కడుపు మీద చెయ్యి పెట్టి, నెమరు మొదలైందమ్మా, పెట్టు అన్నారు. అవ్వ అప్పటికే కుడితి బకెట్ సిద్ధంగా పెట్టుకుంది. తాళం తీసింది. గేటు బార్లా తెరిచి బకెట్ ముందుకు జరిపింది. మల్లన్న బకెట్ చూశాడు, ఆమెను చూశాడు. పక్క నుంచి తప్పుకుని నేరుగా సాలమ్మ ఇంటికి పోయాడు. అక్కడ నిలబడి కంకులన్నీ తిన్నాడు.

చూస్తున్నవాళ్ళంతా నవ్వారు. నేను అవ్వ మొహం చూడలేక తల దించుకున్నా. అవ్వ బకెట్ పక్కనే కూర్చుని, వాడు నమిలే చప్పుడు వింటూ అంది:

"అలిగిండు. సచ్చినోడు అలుగుతడా? బత్కిండు గనుకనే అలిగిండు."

ఇది రాస్తున్న ఈ రోజు వరకూ మన గడపకు రాలేదు. అవ్వ పొద్దున్నే బకెట్ పెట్టి కూర్చుంటోంది, వాడు మొహం తిప్పుకుని పోతున్నాడు. పోనీ అంటోంది.

నీ వదిన
సుహాసిని